హిరోషిమా, ఆగస్టు 6: గేటు కాసినవాడి సమీక్ష

విశాఖపట్నంలో ఒక పెద్ద కర్మాగారం భద్రతా విభాగంలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందువల్ల ఏ పెళ్లికి వెళ్లినా, ఏ గుడికి వెళ్లినా నా కళ్లు ముందు గేటు మీదికే పోతాయి. లోపలికి ఎవరిని ఎలా పంపుతున్నారు, సంచులు ఎవరు చూస్తున్నారు, తొక్కిసలాట మొదలైతే జనం ఎటు పోతారు అని లెక్కలు వేసుకుంటాను. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. ఈ సమీక్షలో ఆ జబ్బు లక్షణాలు కనిపిస్తే మన్నించండి.

మా అమ్మాయి కుటుంబం ఒసాకాలో ఉంటుంది. 2025 వేసవిలో మేమిద్దరం రెండు నెలలు అక్కడ ఉన్నాం. అల్లుడు ఒకరోజు, “మామయ్యగారూ, ఆగస్టు 6న హిరోషిమా వెళ్దామా? అణుబాంబు పడి ఈసారికి 80 ఏళ్లు” అన్నాడు. 80 ఏళ్ల నాటి చావుకు ఎంతమంది వస్తారులే అనుకుంటూ సరే అన్నాను. వచ్చినవాళ్లు దాదాపు 55 వేల మంది. 120 దేశాలు, ప్రాంతాల నుంచి ప్రతినిధులు వచ్చారు. అంతవరకు ఏ ఏడాదీ ఇన్నేసి దేశాలు రాలేదట.

ఒసాకా నుంచి బుల్లెట్ రైలులో గంటన్నర కూడా పట్టదు. కానీ ఆ రోజు రైలు దిగి స్మారక సభకు వెళ్దామంటే కుదరదు. సభ ఉదయం ఎనిమిదికే మొదలవుతుంది కనుక ముందురోజు రాత్రి అక్కడే ఉండాలి. గదులు నెలల ముందే అయిపోతాయి. మాకు చివరికి స్టేషను దగ్గర ఒక హోటల్లో దొరికింది. పేరు చెప్పను. ఐదుగురికి రెండు గదులన్నారు. ఒక గది నిండా సిగరెట్ కంపు, రెండోదానిలో తలుపు తెరిస్తే మంచానికి తగిలేది. డబ్బులు మాత్రం రాజమహలుకు తీసుకున్నట్టు తీసుకున్నారు. వెళ్లదలచినవాళ్లు ఏప్రిల్‌లోనే గది చూసుకోండి. ఊళ్లోకి ట్రాములున్నాయి, 240 యెన్లు. బాంబు పడిన నాడు ఊళ్లో ఉండి, బాగుచేయించుకుని, నేటికీ రోజువారీగా పట్టాల మీద తిరుగుతున్నవి రెండున్నాయి, 651, 652. మా మనవడు ప్రతి ట్రాము నంబరూ చూశాడు కానీ ఆ రెండూ ఎదురుపడలేదు.

ఇక గేటు.

శాంతి స్మారక పార్కు మామూలు రోజుల్లో ఎవరైనా ఎప్పుడైనా తిరగగలిగే చోటు. ఆగస్టు 6న మాత్రం ఉదయం 5 నుంచి 9 దాకా పార్కు మొత్తాన్ని మూసి, కొన్ని ద్వారాల గుండానే, సంచి చూశాకే పంపుతారు. 2024లో మొదలైన పద్ధతి ఇది. ప్లకార్డులు, బ్యానర్లు, మైకులు, హెల్మెట్లు లోపలికి రాకూడదు. 2023లో, బాంబు దెబ్బకు మొండిగోడలతో మిగిలిన గోపురం శిథిలం దగ్గర నిరసనకారులకు, నగరపాలక సిబ్బందికి మధ్య తోపులాట జరిగాక ఈ కట్టుదిట్టం వచ్చింది. శాంతి కోసం పెట్టిన సభలో అభిప్రాయం రాసిన అట్ట పట్టుకోవడం నేరమా అని ఊళ్లో పౌర సంఘాలు గట్టిగానే అడిగాయి.

మేము ఆరింటికి వెళ్లాం. బల్ల వెనక తెల్ల చేతితొడుగుల పెద్దాయన, నా వయసు ఉంటుంది. మా ఆవిడ సంచి తెరిచి చూపించింది. అందులో పెరుగన్నం డబ్బా, విసనకర్ర, మాత్రలు, ఇంకో డబ్బాలో ఆవకాయ. ఆయన ఆవకాయ డబ్బా వైపు ఒక్క క్షణం చూశాడు. ఆ ఎర్రటి నూనెను ఏ జాబితాలో వెయ్యాలో ఆలోచిస్తున్నాడని నాకు అర్థమైంది, ఎందుకంటే ఆ స్థితి నాకూ ఎదురైంది. అల్లుడు మామిడికాయ పచ్చడి అని చెప్పాడు. ఆయన రెండు చేతులతో డబ్బాను యథాస్థానంలో పెట్టి, సంచి జిప్పు తానే వేసి, తల వంచి నమస్కరించాడు. నాకు తెలియకుండానే నా చెయ్యి సెల్యూట్‌కు లేచింది. పనితనం పరంగా పదికి పది మార్కులు. మనిషికి అరనిమిషం కూడా పట్టలేదు, ఎవరి పరువూ పోలేదు.

నిషేధం సంగతి వేరు. గేటు కాసేవాడికి అన్నిటికంటే కష్టమైన పని ఆలోచించడం. ఈ అట్ట మీద రాసింది మంచిదా చెడ్డదా అని బల్ల దగ్గర నిలబడి తేల్చలేడు. అందుకే పై అధికారులు అట్టలన్నిటినీ ఆపెయ్యమంటారు. మా వృత్తిలో సగం నిషేధాలు పుట్టేది ఇలాగే. వాటిని 31 ఏళ్లు అమలు చేశాను కాబట్టి చెబుతున్నాను, శాంతి సభలో మాత్రం ఆ వంక నాకు రుచించలేదు. పార్కు బయట నుంచి నినాదాలు సభ జరిగినంతసేపూ సన్నగా వినబడుతూనే ఉన్నాయి. మౌనం పాటించే నిమిషంలో అవి చిరాకు పెట్టాయని కూడా ఒప్పుకుంటాను.

గుడారాల కింద కుర్చీలు బాధిత కుటుంబాలకు, ఆహ్వానితులకు. మాకు చెట్ల కింద నిలబడే చోటు దొరికింది. ఏడింటికే చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. మే నెల విశాఖ ఉక్క తెలిసినవాళ్లు తట్టుకోగలరు, కానీ పెద్దవాళ్లు టోపీ, నీళ్లు మరిచిపోకండి. కీచురాళ్లు మనం ఎరిగిన కీచురాళ్లు కావు, చెట్టుకు వంద రంపాలు కట్టినట్టు కోస్తాయి.

సభ 50 నిమిషాలు. ఇంతమంది పెద్దలు వచ్చిన సభ 50 నిమిషాల్లో ముగియడం నేను జీవితంలో మొదటిసారి చూశాను. వేదిక మీద వరుసగా సన్మానాలు లేవు, శాలువాలు లేవు. మొదట నీళ్లు సమర్పిస్తారు, ఆ రోజు గొంతెండి నీళ్లడుగుతూ పోయినవాళ్ల కోసం. ఆ ఏడాది కాలంలో మరణించిన బాధితుల పేర్లు చేర్చిన రిజిస్టరును స్మారకం కింద రాతి పెట్టెలో ఉంచుతారు. ఈసారి చేరినవి 4,940 పేర్లు, మొత్తం 3,49,246. సరిగ్గా 8:15కు గంట మోగింది. ఆ నిమిషం ఎవరూ కదల్లేదు. నా పక్కన నిలబడిన కుర్రవాడి మెడ మీద చెమట బొట్టు కిందికి జారుతుంటే అతను తుడుచుకోలేదు. అది చూస్తూ నిమిషం గడిపాను.

తరువాత నగర మేయర్ శాంతి ప్రకటన చదివారు. 1947 నుంచి వస్తున్న ఆనవాయితీ ఇది. పావురాలు ఎగిరాయి. ఇద్దరు ఆరో తరగతి పిల్లలు ప్రతిజ్ఞ చదివారు, కాగితం వైపు చూసినట్టే అనిపించలేదు. ప్రధానమంత్రి మాట్లాడారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ రాష్ట్రానికి అప్పటి గవర్నరు హిదెహికో యుజాకి ప్రసంగం. అల్లుడు నా చెవిలో గుసగుసగా తెలుగు చేస్తుంటే విన్నాను. అణ్వాయుధం ఉంటే శత్రువు భయపడి ఆగుతాడనేది మనిషి తలలో అల్లుకున్న ఊహ, గురుత్వాకర్షణలా ప్రకృతి నియమం కాదు అన్నారాయన. అది ఏదో ఒకనాడు విఫలమైతే దేశం అనే భావన మిగులుతుందేమో కానీ నేలా, మనుషులూ తిరిగి కోలుకోలేకపోతే దాన్ని భద్రత అని ఎలా అంటాం అని అడిగారు.

1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు జరిగిన మర్నాడు మా గేటు దగ్గర లడ్డూలు పంచినవాళ్లలో నేనూ ఉన్నాను. 2009లో మా ఊళ్లోనే అణు జలాంతర్గామి అరిహంత్ నీళ్లలోకి దిగిన రోజు ఛాతీ పొంగినవాళ్లలోనూ ఉన్నాను. ఒక్క ప్రసంగంతో అదంతా కడిగేసుకున్నానని చెబితే అబద్ధమవుతుంది. ఇరుగుపొరుగు ఎలా ఉన్నారో మనకు తెలుసు. కానీ గవర్నరు మాట నాకు తగిలింది ఇంకోచోట. మా విభాగంలో కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లు నెలవారీ నివేదికలో “ఇంతవరకు ఏ సంఘటనా జరగలేదు, కావున ఏర్పాట్లు సంతృప్తికరం” అని రాసేవారు. మా పై అధికారి ఎర్ర సిరాతో రెండో సగం కొట్టేసేవాడు. జరగలేదన్నది ఒక విషయం, ఏర్పాటు బాగుందన్నది వేరే విషయం, రెండిటికీ మధ్య “కావున” ఎక్కడ నుంచి వచ్చింది అని అడిగేవాడు. నేను కూడా నా కింద పనిచేసినవాళ్ల నివేదికల్లో ఆ “కావున”ను వందసార్లు కొట్టేసి ఉంటాను. ఫ్యాక్టరీ గోడకు పనికిరాని “కావున”ను ప్రపంచానికి ఎలా ఒప్పుకున్నానో ఆ చెట్టు కింద నాకు సమాధానం దొరకలేదు.

సభ అయ్యాక తొమ్మిదింటికి అడ్డాలు తీసేశారు. తొమ్మిదంటే తొమ్మిదే. తాళ్లు చుట్టలు చుట్టి బండి మీద పేర్చడం పది నిమిషాలు నిలబడి చూశాను. మా ఆవిడ మనవడిని తీసుకుని ముందుకు వెళ్లిపోయింది.

పార్కులో ఉన్న మ్యూజియం గురించి కొంచెం వివరంగా రాయాలి. టికెట్టు పెద్దలకు 200 యెన్లు, 65 దాటినవారికి 100. వయసు రుజువుకు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. ఏడాదికి 22 లక్షలకు పైగా జనం వచ్చే చోటు, పైగా ఆగస్టు 6, కాబట్టి వరుస ఎలా ఉంటుందో ఊహించుకోండి. మేము మర్నాటికి వాయిదా వేసుకుని, పొద్దున్నే ఆన్‌లైన్‌లో సమయం తీసుకున్న టికెట్లతో వెళ్లాం. మీరూ అలాగే చెయ్యండి. తెలుగు లేదు, ఆశించకండి. ఇంగ్లీషు వివరణలు అన్నిచోట్లా ఉన్నాయి, చిన్నచిన్న వాక్యాల్లో, ఏడుపు తెప్పించాలన్న ప్రయత్నం లేకుండా.

ఒక గాజు పెట్టెలో అన్నం డబ్బా ఉంది. షిగెరు ఒరిమెన్ అనే 13 ఏళ్ల కుర్రవాడిది. ఆ ఉదయం తల్లి కట్టిచ్చింది. తల్లే వెతుక్కుంటూ వెళ్లి, పొట్ట కింద ఈ డబ్బా ఉండటం చూసి శవాన్ని గుర్తుపట్టింది. డబ్బా మూత ఒక పక్కకు సొట్ట పోయింది. లోపల అన్నం అన్నం ఆకారంలోనే ఉంది, కానీ బొగ్గు. అడుగంటిన గిన్నె గోకుతున్నప్పుడు అంచులకు పెళుసుగా నల్లటి ముక్కలు అంటుకుంటాయి చూడండి, అలా. మా ఆవిడ ఆ పెట్టె ముందు చాలాసేపు నిలబడింది. తరువాత ఒకే మాట అంది, “మూత తీసి ఉండడు పాపం.” 31 ఏళ్లు ప్రతి రోజూ నాకు కేరేజీ కట్టిన మనిషి ఆమె. మూతకు ఉన్న విలువ ఆమెకు తెలిసినట్టు నాకు తెలియదు.

నేను నిలిచిపోయింది పక్కనున్న వివరణ దగ్గర. ఆ ఉదయం అలాంటి పిల్లలు వేలమంది బడికి కాకుండా వీధుల్లోకి వెళ్లారు. వైమానిక దాడి జరిగితే మంటలు ఒక పేట నుంచి ఇంకో పేటకు పాకకుండా మధ్యలో ఇళ్లు కూల్చి ఖాళీ జాగా చేసే పనిలో వాళ్లను పెట్టారు. అంటే ఆ పిల్లలు చేస్తున్నది భద్రతా పనే, మా వృత్తి పనే. ఊరిని కాపాడటానికి ఆరుబయట నిలబడినందువల్లే వాళ్లకు తల దాచుకునే కప్పు లేకపోయింది. ఇంకో వివరం. ఆ రోజు 7:09కి వాతావరణం చూడటానికి వచ్చిన విమానాన్ని చూసి సైరన్ మోగించారు. అది వెళ్లిపోయింది. 7:31కి ప్రమాదం తప్పిందని సంకేతం ఇచ్చారు. జనం బయటికి వచ్చి పనుల్లో పడ్డారు. 8:15కు, ఊరి నడిబొడ్డున సుమారు 600 మీటర్ల ఎత్తులో బాంబు పేలింది. మధ్యలో 44 నిమిషాలు.

ఆ 7:31 సంకేతం ఇచ్చినవాడు ఏ తప్పూ చెయ్యలేదు. నిబంధన ప్రకారమే ఇచ్చాడు. నేనైనా అదే ఇచ్చేవాడిని. రాత్రి డ్యూటీల్లో ఎన్నిసార్లు “అంతా బాగానే ఉంది” అని వైర్‌లెస్‌లో చెప్పానో లెక్కలేదు. ఆ అంకె ముందు నుంచి కదలడానికి నాకు కొంత సమయం పట్టింది. వెనక వరుసలో జనం పెరుగుతున్నారని అమ్మాయి చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించింది.

మూడేళ్ల పిల్లవాడి తుప్పు పట్టిన మూడు చక్రాల బండి, బ్యాంకు మెట్టు రాయి మీద మిగిలిన మనిషి నీడ, ఇవన్నీ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఎదురుగా చూడటం వేరు, అంతే చెప్పగలను. పదేళ్ల లోపు పిల్లలతో వెళ్తే ప్రధాన భవనం వేగంగా దాటించండి. మా తొమ్మిదేళ్లవాడు ఆ రాత్రి నిద్రలో రెండుసార్లు లేచాడు.

ఒక లోటు చెప్పాలి. హిరోషిమా మామూలు ఊరు కాదు, సైన్యానికి పెద్ద స్థావరం. ఉజినా రేవు నుంచి సేనలు ఓడలెక్కి ఆసియా మీదికి వెళ్లాయి. పక్కనే ఉన్న కురె మన విశాఖ లాంటి నావికాదళ రేవు. ఈ సంగతులు మ్యూజియంలో ఉన్నాయి కానీ తూర్పు భవనంలో, అప్పటికే జనం మనసు నిండిపోయి కుర్చీలు వెతుక్కునే చోట. వాటి పాలు ఇంకొంచెం పెంచితే బాగుండేదని నా అభిప్రాయం. బాంబుకు బలైన వేలాది కొరియన్ల స్మారకం 1970లో కట్టారు, పార్కు బయట. లోపలికి వచ్చింది 1999లోనే.

మాకు ఈ సంగతి ఎందుకు పట్టిందంటే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పుడు మా నాయనమ్మకు 22 ఏళ్లు. చంకలో మా నాన్న, నెత్తిన బియ్యం మూట, ఎద్దుబండి దొరికేదాకా నడక, చోడవరం వైపు. ఆ ఏడాదిని ఆవిడ చనిపోయేదాకా “బాంబుల వేసవి” అనే పిలిచింది. పార్కులో కూర్చుని ఈ కథ చెబుతుంటే మనవడు, “తాతయ్యా, ఈ ఊరివాళ్లు మన ఊరి మీద వేశారా?” అని అడిగాడు. ఈ ఊరివాళ్లే అని చెప్పలేం రా, ఈ దేశంవాళ్లు అన్నాను. వాడు ఒసాకా బడిలో చదువుతాడు. కాసేపు ఆలోచించి, “మా టీచరుకు తెలుసా?” అన్నాడు. తెలియకపోవచ్చు. మన ఊళ్లోనే ఎంతమందికి తెలుసు?

స్మారకం రాతి మీద ఒక వాక్యం చెక్కి ఉంటుంది. ప్రశాంతంగా నిద్రించండి, ఈ తప్పు మళ్లీ జరగనివ్వం అని దాని భావం. టోక్యో యుద్ధనేరాల విచారణలో న్యాయమూర్తిగా ఉన్న మన రాధాబినోద్ పాల్ 1952లో ఇక్కడికి వచ్చి, తప్పు ఎవరిది, బాంబు వేసింది వీళ్లు కాదు కదా అని ఈ వాక్యాన్ని తప్పుపట్టారు. జపాను భాషలో ఆ వాక్యానికి కర్త ఉండదట. అల్లుడు చెప్పాడు, తెలుగులోనూ కర్త లేకుండా హాయిగా రాసేయవచ్చు కదా మామయ్యగారూ అని. నిజమే. “మళ్లీ జరగనివ్వం” అంటే చాలు, ఎవరో చెప్పనక్కరలేదు. నాకు పాల్ గారి కోపమూ న్యాయంగానే తోచింది, కర్త లేకుండా ఆ వాక్యం రాసిన విశ్వవిద్యాలయ ఆచార్యుడి నేర్పూ నచ్చింది.

ఉచితంగా దొరికే ఒక సేవ గురించి చాలామందికి తెలియదు. మ్యూజియంలో బాధితుల అనుభవాలను వారసులు చెప్పే కార్యక్రమం ఉంది. వారసులంటే రక్తసంబంధం అక్కరలేదు. ఊరివాళ్లు ముందుకు వచ్చి, ఒక బాధితుడి దగ్గర కూర్చుని, ఆయన జీవితాన్ని విని, శిక్షణ పొంది, ఆయన తరఫున చెబుతారు. నగరపాలక సంస్థ 2012లో ఈ శిక్షణ మొదలుపెట్టింది. బతికున్న బాధితులు, నాగసాకివాళ్లతో కలిపి, 2025 మార్చికి మొదటిసారి లక్షకు లోపు వచ్చారు, 99,130. సగటు వయసు 86 దాటింది. కాబట్టి తొందర ఉంది. మేము విన్నది ఇంగ్లీషు ప్రసంగం, ఒక గృహిణి చెప్పింది. “నేను” అని ఒక్కసారి కూడా అనలేదు. “ఆవిడ అప్పుడు గుమ్మం దగ్గర ఉంది” అని, గుమ్మం ఎటువైపు ఉందో చేత్తో చూపించింది. వేదిక మీద బొమ్మలు అవసరం లేకుండా పోయింది. ఇంత మంచి ప్రసంగానికి మాతో కలిపి పాతిక మంది లేరు. రెండు రోజుల్లో దేనికైనా ఐదుకు ఐదు ఇస్తే దీనికిస్తాను.

తిండి విషయానికి శాకాహారులు జాగ్రత్త. ఊరి ప్రత్యేక వంటకం ఒకొనొమియాకి, క్యాబేజీ, సేమ్యాలు, పంది మాంసం, గుడ్డు పెనం మీద పొరలుగా వేసి కాల్చే అట్టు లాంటిది. ఒక చిన్న దుకాణంలో మాంసం వద్దు, గుడ్డు వద్దు అని అల్లుడు మూడుసార్లు చెప్పాడు. సరేనన్నారు. తీసుకొచ్చాక అట్టు మీద పలుచని తునకలు వేడికి లేచి నాట్యం చేస్తున్నాయి. మా ఆవిడ ముచ్చటపడి ఇదేమిటని అడిగింది. ఎండు చేప. ఆ పూట ఆమెను ఆదుకున్నది గేటు దగ్గర పరీక్ష పాసైన ఆవకాయే.

నది ఒడ్డున భారత ప్రభుత్వం ఇచ్చిన గాంధీ విగ్రహం ఉంది, 2023లో పెట్టారు. మనవాళ్లు ఫోటోలు దిగుతున్నారు, మేమూ దిగాం. అంతకంటే నన్ను ఆపింది దారి పక్కన పూసిన పొదలు. మా ఆవిడే ముందు చూసి, “ఏమండీ, గన్నేరు!” అంది. మన శివాలయాల్లో ఉండే గన్నేరే. ఈ నేల మీద 75 ఏళ్లు ఏదీ మొలవదని బాంబు తరువాత జనం చెప్పుకున్నారట. మర్నాటి ఏడాది వేసవికి గన్నేరు పూసింది. ఇప్పుడది ఆ ఊరి అధికారిక పుష్పం. పువ్వు కొయ్యబోయిన మా ఆవిడను నేనే ఆపాను.

ఆగస్టు 6 సాయంత్రం ఆరు నుంచి మొతోయాసు నదిలో దీపాలు వదులుతారు, గోపురం శిథిలానికి ఎదురుగా. చెక్క అడుగు, చుట్టూ రంగు కాగితం, లోపల కొవ్వొత్తి. కాగితం మీద ఎవరి భాషలో వారు రాసుకోవచ్చు. డబ్బులు తీసుకుంటారు, పెద్ద మొత్తం కాదు. వరుస మాత్రం పెద్దది, గంటకు పైగా నిలబడ్డాం, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒడ్డు నుంచి చూడటం మేలు. మా ఆవిడకు కార్తీకంలో అరటిదొప్పల్లో దీపాలు వదిలిన చెయ్యి కాబట్టి తడబడలేదు. నేను పసుపు కాగితం మీద మా నాయనమ్మ పేరు రాశాను. ఏమి రాశారని పక్కన నిలబడిన కాలేజీ అమ్మాయి అడిగితే అల్లుడు చెప్పాడు, మీ విమానాలకు భయపడి పారిపోయిన మనిషి పేరు అని. నేనైతే అంత సూటిగా చెప్పేవాడిని కాదు. ఆ అమ్మాయి కాగితం వైపు చూసి, అక్షరాలు గుండ్రంగా బాగున్నాయని చెప్పి, తల వంచింది. దీపం మెట్ల దగ్గరే చిక్కుకుని తిరుగుతుంటే ఒక కార్యకర్త పొడుగు కర్రతో ముందుకు నెట్టాడు.

ఒసాకా తిరుగు రైలులో అల్లుడు ఒక సంగతి చెప్పాడు. పేర్ల రిజిస్టర్ల గురించి. నేను అడిగాను కాబట్టే చెప్పాడు, ఎందుకంటే రిజిస్టరు అనగానే నాకు మా గేటు బల్ల గుర్తొస్తుంది, వచ్చినవాడి పేరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ. రాతి పెట్టెలో తేమకు ఇవి పాడవవా అన్నది నా ప్రశ్న. పాడవకుండా ఏటా మే నెలలో నగరపాలక సిబ్బంది అన్నిటినీ బయటికి తీసి, తెల్లగుడ్డ మీద పరిచి, చేతితొడుగులతో ఒక్కొక్క పేజీ తిప్పుతూ గాలికి ఆరబెడతారట. వాటిలో ఒక సంపుటంలో పేర్లేవీ రాసి ఉండవు. ఎవరో తెలియకుండా పోయినవాళ్ల కోసం పెట్టిన తెల్ల కాగితాలు. దాన్నీ తీసి, ఖాళీ పేజీలను కూడా ఒక్కొక్కటిగా తిప్పుతారు.